కుటుంబ కథాచిత్రంలో మా కుటుంబం ఏదీ?

నేను ఎలిమెంటరీ స్కూలు పంతుల్ని. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా అయ్యా, మాయమ్మా ఇద్దరూ వేలిముద్రలే. మా తాత చెప్పులు కుట్టేవాడు. బాపట్ల వైపు ఒక ఊరి చివర మాదిగగూడెం మాది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, సినిమాల గురించి రాసేవాళ్ళు తమ ఇల్లు ఎక్కడుందో చెప్పకుండా రాస్తారు. అందరి తరఫునా రాస్తున్నట్టు రాస్తారు. నాకు అట్లా రాయడం చేతకాదు. నేను సినిమా ఎక్కడ కూచుని చూశానో అక్కణ్ణించే రాస్తాను.

మూడేళ్ళ కిందట అయిదో తరగతి పిల్లలకి "మా కుటుంబం" మీద పది వాక్యాలు రాయమన్నాను. గూడెం నుంచి వచ్చే ఒక పిల్ల ఇట్లా రాసింది: "మా నాన్నగారు ఉదయం ఆఫీసుకు వెళతారు. మా అమ్మ పూజ చేసి అందరికీ కాఫీ ఇస్తుంది. మా తాతగారు ఉయ్యాల బల్ల మీద కూర్చుని పేపరు చదువుతారు. పండగకి మా అత్తలు, బాబాయిలు కార్లలో వస్తారు. అందరం కలిసి భోజనం చేస్తాము. మాది ఉమ్మడి కుటుంబము."

ఒక్క అక్షర దోషం లేదు. ఒక్క నిజం కూడా లేదు.

ఆ పిల్ల తల్లిని ఆ పొద్దున్నే చూశాను. పన్నెండు మంది ఆడవాళ్ళతో కలిసి ఆటోలో నాట్లకి పోతోంది. అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, ఒక కాలు బయటికి వేలాడేసి కూచుంది. తండ్రి హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయాడు, పండగలకో పబ్బాలకో వస్తాడు. తాత లేడు. తమ్ముడికి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, ఇంటికి గొళ్ళెం వేసి వాణ్ణి బడికి తీసుకొచ్చేది ఈ పిల్లే.

"ఇదెవరిల్లమ్మా?" అని అడిగాను.

తల వంచుకుని, "కుటుంబం అంటే అట్టాగే రాయాలి గదా సార్" అంది.

నేను ఏమీ అనలేకపోయాను. ఆ నోటుపుస్తకం పట్టుకుని కుర్చీలో కూచుండిపోయాను. ఎందుకంటే ఆ వయసులో నేనూ అదే వ్యాసం రాశాను. నా దాంట్లో ఆఫీసు లేదు. మా నాన్నగారు ఊరికి పెద్ద అనీ, అందరూ ఆయన దగ్గరికి తీర్పు కోసం వస్తారనీ రాశాను. మా అయ్య ఒక కామందు దగ్గర జీతానికుండేవాడు. ఊరి పెద్ద ఎదురైతే భుజం మీద తుండు తీసి చంకలో పెట్టుకునేవాడు.

నా వ్యాసంలోకి ఆ ఊరి పెద్ద ఎక్కణ్ణించి వచ్చాడో నాకు బాగా తెలుసు. "పెదరాయుడు" సినిమాలోంచి వచ్చాడు.

ఆ సినిమా 1995లో వచ్చింది. ఆ మరుసటేడు మా గూడెంలో పోలేరమ్మ కొలుపులకి కలర్ టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి చింతచెట్టు కింద పెట్టారు. గోతాలు పరుచుకుని తెల్లారేదాకా చూశాం. ఆ సినిమాలో ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంటి మగవాళ్ళే తరతరాలుగా ఊరికి తీర్పులు చెబుతారు. తండ్రి తర్వాత కొడుకు. ఊరంతా చేతులు కట్టుకుని వింటుంది. ఒక పిల్లని చెరిచినవాడి చేతే ఆ పిల్లకి తాళి కట్టించాలని తీర్పు. ఆ తీర్పు చెప్పినందుకు ప్రాణం పోతుంటే, ఆ పెద్దాయన చివరి ఆజ్ఞ ఏమిటంటే, తప్పు చేసినవాళ్ళ కుటుంబాన్ని పద్దెనిమిదేళ్ళు ఊరు వెలి వెయ్యాలి. మేం ఈలలు వేశాం. నేనైతే మా అయ్య తుండు భుజం మీదేసుకుని పదిరోజులు గూడెమంతా తీర్పులు చెబుతూ తిరిగాను.

చెరిచినవాడు మొగుడైతే ఆ పిల్లకి న్యాయం ఎట్లా జరిగినట్టు? ఆ పిల్లని ఎవరైనా అడిగారా? ఊళ్ళో పోలీస్ స్టేషన్ లేదా? కోర్టు లేదా? 1950 నుంచి ఈ దేశానికి ఒక రాజ్యాంగం ఉంది గదా, ఆ ఇంటి అరుగు ఎక్కేసరికి అదెక్కడికి పోయింది? ఇవేవీ అప్పుడు మాకు తట్టలేదు. ఆ ఊళ్ళో మా గూడెం ఎక్కడుందని కూడా మేం వెతుక్కోలేదు. చేతులు కట్టుకున్న గుంపులో వెనకవరసలో ఎక్కడో ఉండి ఉంటాం.

వెలి అనే మాట సినిమాలో వింటే ఈల వెయ్యబుద్ధేస్తుంది. మా వైపు ఆ మాటకి వేరే అర్థం ఉంది. చుండూరు మా ఊరికి ఎంతో దూరం కాదు. 1991 జూలైలో అక్కడ సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగిలింది. అంతే. కాలు తగిలింది. అక్కణ్ణించి గొడవ పెరిగి దళితులని ఊరు వెలి వేసింది. పనులు లేవు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులని నరికి చంపారు. కొన్ని శవాలని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని పోరాడితే 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఊరి పెద్దల న్యాయం ఎట్లా ఉంటుందో మా చుట్టుపక్కల ముసలివాళ్ళకి తెలుసు. తెలిసి కూడా, అయిదేళ్ళు తిరక్కుండానే, చింతచెట్టు కింద కూచుని వెలి వేసిన పెద్దాయనకి చప్పట్లు కొట్టాం. సినిమా బలం అది. మన ఒంటిమీద దెబ్బని కూడా మనచేతే మరిపిస్తుంది.

"సినిమాని సినిమాగా చూడవయ్యా" అంటారు స్టాఫ్‌రూములో నా తోటి పంతుళ్ళు. సరే, సినిమాగానే చూద్దాం. కుటుంబ కథాచిత్రం అని పోస్టరు మీద వేస్తారు. అందులో కుటుంబం అంటే ఏమిటి? పెద్ద గేటు. తులసికోట. పూజగది. ఇరవై మంది కూచునే భోజనాల బల్ల. తెల్లపంచె కట్టిన నాన్నగారు. వాళ్ళ మధ్య కోపతాపాలు వస్తాయి, పోతాయి. చివరికి అందరూ కలిసి ఫొటో దిగుతారు. ఆ ఇంట్లో పాత్రలు తోమేది ఎవరు? పశువుల కాడ పేడ ఎత్తేది ఎవరు? వాళ్ళకి ఒక కుటుంబం ఉండదా? సినిమాలో పాలేరుకి పెళ్ళాం ఉండదు, పిల్లలు ఉండరు, చచ్చిపోయిన తల్లి కూడా ఉండదు. ఆయన పుట్టిందే అయ్యగారి కోసం. అయ్యగారి ఇంటి బరువుమోసి, అవసరమైతే అయ్యగారి కోసం చచ్చిపోతాడు. దానికి "విశ్వాసం" అని పేరు. మా అయ్య కామందు కాడ ఉన్న పద్దెనిమిదేళ్ళూ తీసుకున్న బాకీ తీరక ఉన్నాడు. విశ్వాసం వల్ల కాదు.

2017లో "శతమానం భవతి" వచ్చింది. మంచి సినిమా అన్నారు. ఆరోగ్యకరమైన వినోదమని జాతీయ అవార్డు ఇచ్చారు. పిల్లలు విదేశాల్లో ఉంటారు, ముసలి తల్లిదండ్రులు ఊళ్ళో పెద్ద ఇంట్లో వాళ్ళ కోసం ఎదురు చూస్తుంటారు. నేనూ చూశాను, నాకూ కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చాక ఆలోచించాను. ఎదురుచూపు మా గూడెంలోనూ ఉంది. హైదరాబాదుకి, చెన్నైకి, బెంగుళూరుకి పనులకి పోయిన కొడుకుల కోసం ఎంతమంది ముసలమ్మలు రేషను బియ్యం కాచుకుని కూచున్నారు! వాళ్ళది మమకారం కాదా? ఆ ఎదురుచూపు మీద కథ రాయడానికి ఒక్క రచయితకీ చెయ్యి రాలేదేం? సంక్రాంతికి జనరల్ పెట్టెలో నిలబడి వచ్చే కొడుకు మీద పాట రాయకూడదా?

ఎందుకు రాయరో కూడా చెబుతాను. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వ్యవసాయం మీద మిగిలిన డబ్బు తెలుగు సినిమాలోకి పోయింది, థియేటర్లలోకి పోయింది. ఆ మిగులు ఎట్లా మిగిలింది? మాయమ్మ నాటిన వరి, మా నాయనమ్మ పీకిన మినుము, మా అయ్య తోలిన నాగలి కారుచౌకగా దొరికాయి గనక మిగిలింది. మా కూలి తగ్గించి మిగిల్చిన డబ్బుతో పెద్దింటి సెట్టు వేసి, ఆ ఇంటిని మాకే టిక్కెట్టు పెట్టి చూపించారు. డబ్బు పెట్టినవాడు తన ఇంటి కథే చెప్పుకుంటాడు. "సమరసింహారెడ్డి" 1999లో, "నరసింహనాయుడు" 2001లో వచ్చాయి. కులాన్ని తెర మీద పెద్దక్షరాలతో వేసుకుని, పౌరుషం అని పేరు పెట్టుకున్నారు. మా కులం పేరు తెర మీద వినపడిందంటే అది ఎక్కువసార్లు తిట్టులాగే వినపడింది.

ఇక్కడ బాబాసాహెబ్ మాట చెప్పాలి. 1916లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ కులాల పుట్టుక మీద ఒక పత్రం చదివాడు. కులం అంటే ఏమిటో అందులో తేల్చి చెప్పాడు. తన గుంపులోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం, బయటికి పోనివ్వకపోవడం. కులానికి ప్రాణం అక్కడుంది. అంటే కులం పుట్టే చోటు ఇల్లే. పెళ్ళి సంబంధం మాట్లాడే వసారాలోనే. ఇప్పుడు మన కుటుంబ కథాచిత్రాన్ని మళ్ళీ చూడండి. బావ, మరదలు, మేనరికం, వంశం, పరువు, "మన ఇంటి పిల్ల", "మనవాళ్ళు". కులం అనే మాట ఒక్కసారి కూడా పలకకుండా రెండున్నర గంటలు కులం గురించే మాట్లాడతారు. కుటుంబ విలువలు అని వాళ్ళు పేరు పెట్టుకున్నదాన్ని మేం చూసేది గోడకి ఇవతలి వైపు నుంచి.

మంచి సినిమాలు లేవా అంటారు. ఉన్నాయి, కాదనను. గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే "మాలపిల్ల" తీశాడు. ఆ రోజుల్లో ఆ పేరు పెట్టడానికే ధైర్యం కావాలి. కె. విశ్వనాథ్ 1981లో "సప్తపది" తీశాడు. అందులో బ్రాహ్మల పిల్ల, హరిజనుడైన వేణుగాన కళాకారుడు ప్రేమించుకుంటారు. హరిజనుడు అనేది వాళ్ళ మాట, నా మాట కాదు. పిల్లకి బావతో పెళ్ళి చేస్తారు. ఆ మొగుడికి ఆమెలో అమ్మవారు కనపడుతుంది, కాపురం చెయ్యలేడు. చివరికి తాతగారు మనసు మార్చుకుని ఆ పిల్లని ప్రేమించినవాడి దగ్గరికి పంపుతాడు. జాతీయ సమైక్యతకి అవార్డు ఇచ్చారు. నాకు గౌరవమే. కానీ అడుగుతున్నాను. నిర్ణయం ఎవరిది? తాతగారిది. త్యాగం ఎవరిది? మొగుడిది. చప్పట్లు ఎవరికి? వాళ్ళిద్దరికీ. మావాడు వేణువు పట్టుకుని ఏటి ఒడ్డున నిలబడి ఉంటాడు, ఇస్తే తీసుకోవడానికి. మా పిల్లాడు వాళ్ళ పిల్లని చేసుకోవాలంటే మొగుడికి సాక్షాత్తూ అమ్మవారు కనపడి పక్కకి తప్పించాలా?

"స్వయంకృషి" 1987లో వచ్చింది. చెప్పులు కుట్టే సాంబయ్యగా చిరంజీవి. మా తాతకి ఆ సినిమా ప్రాణం. టీవీలో ఎప్పుడొచ్చినా చూసేవాడు. ఆరె ఎట్లా పట్టుకున్నాడు, తోలు ఎట్లా కోశాడు అని ముందుకి వంగి చూసేవాడు. తన చేతి పని తెర మీద చూడటం ఆ మనిషికి ఎంత ఆనందమో నేను కళ్ళారా చూశాను. అందుకు ఆ సినిమాకి రుణపడి ఉంటాను. ఒకసారి సినిమా అయిపోయాక మా తాత అన్నాడు: "ఆయన కష్టపడి షాపు పెట్టాడంట్రా. మరి నేను అరవయ్యేళ్ళు కష్టపడితిని గదరా, నాకెందుకు రాలా?" నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. జవాబు తెలుసు, చెప్పలేకపోయాను. కష్టపడితే పైకొస్తావు అని చెప్పే సినిమా, పైకి రానివాడు కష్టపడలేదని కూడా చెప్పినట్టే. మధ్యలో కులం ఉందని చెప్పదు.

తర్వాత కాలం మారింది. ఇప్పుడు తెర మీద మన పిల్లలు ప్రేమించుకుంటున్నారు. ప్రేమించాక ఏమవుతోంది? 2018లో "రంగస్థలం"లో చదువుకున్న అన్న హత్యకి అసలు కారణం ప్రేమ అని చివర్లో తెలుస్తుంది. 2021లో "ఉప్పెన"లో అమ్మాయి తండ్రి, చేపలు పట్టే ఇంటి కుర్రాడి మగతనాన్నే కోసేస్తాడు. వీటిని తీసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. హింసని ఖండిస్తూనే తీశారు. అయినా ఆ హంతక తండ్రికి ఒక ఇల్లు, ఒక గోడు, ఒక పొడుగాటి డైలాగు ఉంటాయి. చచ్చినవాడి తల్లికి ఒక ఏడుపు షాటు దక్కుతుంది.

ఇది సినిమాతో ఆగదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతిగా ఉన్న భార్యని ఆసుపత్రిలో చూపించుకుని బయటికొస్తున్న దళిత యువకుణ్ణి ఆమె కళ్ళ ముందే నరికేశారు. చేయించింది ఆమె తండ్రి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కానీ హత్య జరిగిన ఆ రోజుల్లో ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. "కన్నతండ్రి బాధ కూడా అర్థం చేసుకోవాలి" అన్నారు. చదువుకున్నవాళ్ళన్నారు. నా స్టాఫ్‌రూములో అన్నారు. ఆ మాట వాళ్ళకి ఎవరు నేర్పారు? పిల్ల మీద ప్రేమ అంటే పిల్ల మీద హక్కు అని ఎన్ని వందల సినిమాల్లో తెల్లపంచె నాన్నగార్లు నేర్పలేదు! చచ్చిపోయిన పిల్లాడికీ ఒక కన్నతండ్రి ఉన్నాడు. ఆయన బాధ అర్థం చేసుకోమని స్టాఫ్‌రూములో ఎవరూ అనలేదు.

ఇంతవరకూ వాళ్ళని అన్నాను. ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మా గూడెంలో మొగుడూ పెళ్ళాలకి పొసగకపోతే కులపెద్దలు కూచుని తెగతెంపులు చేసేవాళ్ళు. ఆడమనిషి మారుమనువు పోయేది. అదొక తప్పుగా ఎవరూ చూసేవాళ్ళు కాదు. మా నాయనమ్మ మా తాతకి మారుమనువే. మొదటి మొగుడు కొడితే వచ్చేసింది. మా గూడెం స్వర్గమని నేననడం లేదు. మా అయ్య తాగి మాయమ్మని కొట్టిన రాత్రులు నాకు గుర్తున్నాయి. మన ఆడవాళ్ళు మన మగవాళ్ళ పెత్తనం గురించి ఎన్నాళ్ళనుంచో చెబుతున్నారు, వినాల్సింది మనం. కానీ కొడితే తిరిగి తిట్టే నోరు మాయమ్మకి ఉంది. పని చేసుకుని బతకగల చేతులున్నాయి. కాదనుకుంటే వచ్చెయ్యడానికి ఒక దారి ఉంది. ఆ దారి నేను మూసేశాను.

2013. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. మా అక్కకి అప్పుడు 29 ఏళ్ళు. మొగుడు వేరే మనిషిని తెచ్చుకుంటే, పాపని చంకనేసుకుని మా ఇంటికొచ్చేసింది. పక్క ఊరి తాపీ మేస్త్రీ ఒకాయన, భార్య చచ్చిపోయిన మనిషి, పాపతో సహా చేసుకుంటానని కబురు పంపాడు. మంచివాడు, తాగడు. అక్కకి ఇష్టమే. అమ్మా అయ్యా సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. "టీచరు గారి అక్క రెండో పెళ్ళి చేసుకుందంటే నలుగురూ ఏమనుకుంటారు? మన పరువేం కాను?" అన్నాను.

మాయమ్మ నా మొహం వంక వింతగా చూసింది. "ఆ నలుగురూ దానికి కూడు పెడతారంట్రా? పరువేందిరా కొత్తగా? నీ నాయనమ్మ మారుమనువు రాకపోతే మీ అయ్యేడి, నువ్వేడి?" అంది.

నేను వినలేదు. జీతం తెచ్చేవాణ్ణి. ఇంట్లో నా మాట చెల్లింది. అదే ఏడు మాయమ్మని కూలి మానెయ్యమన్నాను. "నీ కాలేజీ ఫీజులు కట్టింది ఆ కూలి డబ్బులేరా. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోద్దా?" అంది. అందుకూ నా దగ్గర జవాబు లేదు, అయినా మాన్పించాను. తల్లి ఇంటిపట్టున ఉండాలి, ఆడపిల్ల పుట్టింటి గౌరవం కాపాడాలి, ఇంటికి పెద్ద దిక్కుగా మగవాడు తీర్పు చెప్పాలి. చింతచెట్టు కింద తుండు భుజానేసుకుని తీర్పులు చెప్పిన పిల్లాడు పెద్దయ్యి నిజంగానే తీర్పు చెప్పాడు. తన అక్క మీద చెప్పాడు.

2004లో "పుట్టింటికి రా చెల్లీ" వస్తే మా అక్క నన్ను తీసుకుని ఊరి ఆడవాళ్ళతో కలిసి థియేటరుకి వచ్చింది. కొంగు తడిసేదాకా ఏడ్చింది. అట్లాంటి అన్నదమ్ముడు ఉండాలని నా తల నిమిరింది. ఆ అక్క పుట్టింటికొస్తే నేను చేసింది ఇది. ఆ మేస్త్రీ వేరే ఆమెని చేసుకున్నాడు. అక్క ఇప్పుడు మిరపకాయల సీజనులో గుంటూరు పోయి కోల్డ్ స్టోరేజీల్లో తొడాలు తీస్తుంది. నలభై దాటింది. రాత్రిపూట చేతుల మంటకి మజ్జిగలో వేళ్ళు ముంచుకుని కూచుంటుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి అంబేద్కర్ 1916 పత్రాన్ని పూర్తిగా చదివాను. అందులో రెండు సంగతులు నా గుండెలో దిగబడ్డాయి. కులం గోడ నిలబడాలంటే మొగుడు లేని ఆడదాన్ని ఏదో ఒకటి చెయ్యాలి. అందుకే సతి వచ్చింది, బలవంతపు వైధవ్యం వచ్చింది, బాల్య వివాహం వచ్చింది. అవి పవిత్రమని తర్వాత పేరు పెట్టుకున్నారు. ఇది మొదటి సంగతి. రెండోది, ఈ ఆచారాలు పై నుంచి కిందికి పాకింది ప్రధానంగా అనుకరణ వల్లే. పైవాడు తలుపు మూసుకుంటే కిందివాడు చూసి తనూ మూసుకున్నాడు.

నా కథంతా అందులో ఉంది. మా అక్క మారుమనువు ఆపమని నన్ను ఏ అగ్రకులస్థుడూ బెదిరించలేదు. ఎవరూ కర్ర పట్టుకుని రాలేదు. నేనే చూసి నేర్చుకున్నాను. ఒకప్పుడు అనుకరించడానికి పక్కింటివాణ్ణి చూడాలి, ఊళ్ళోకి పోవాలి, మమ్మల్ని ఆ గుమ్మం దాకా రానిచ్చేవాళ్ళు కాదు. సినిమా ఆ గుమ్మాన్ని తెచ్చి మా చింతచెట్టు కింద పెట్టింది. ఇప్పుడు సెల్‌ఫోనులో అరచేతిలో పెట్టింది. లోపలికి రానివ్వలేదు, నేర్చుకోమంది. మనలో చదువుకుని ఉద్యోగాలొచ్చినవాళ్ళం ముందు నేర్చుకున్నాం. ఇల్లు కట్టుకుని పూజగది పెట్టుకున్నాం, భార్యని నాట్లకి పంపడం నామోషీ అనుకున్నాం, కట్నం లెక్కలు పెంచాం, మారుమనువు అనే మాటని పిల్లల ముందు ఎత్తవద్దన్నాం. మాలా మాదిగా కూడా పిల్లనిచ్చి పుచ్చుకోకుండా ఎవరి గోడ వాళ్ళు కాపాడుకుంటున్నాం. అంబేద్కర్ బొమ్మ గోడకి పెట్టుకుని ఆయన కూలగొట్టమన్న గోడనే కడుతున్నాం.

మరి ఏం కావాలి నీకు, మీ కులం హీరో కావాలా అని అడుగుతారు. హీరో సంగతి తర్వాత. నాగరాజ్ మంజులే అనే దళితుడు 2013లో మరాఠీలో "ఫాండ్రీ" తీశాడు. పందులు పట్టే ఇంటి పిల్లాడు. బడి పక్కనే ఇంటిల్లిపాదీ పంది వెంట పడితే, తోటి పిల్లలు చూస్తారని గోడ చాటున దాక్కుంటాడు. పట్టిన పందిని మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేద్కర్ బొమ్మ ఉంటుంది. ఆ సినిమా చూసి నాకు నిద్ర పట్టలేదు. మా తరగతిలో ఆ పిల్ల రాసిన వ్యాసం అదే. దాక్కోవడమే. తమిళంలో మారి సెల్వరాజ్ 2018లో "పరియేరుం పెరుమాళ్" తీశాడు. ఆడవేషం కట్టి ఆడే తండ్రిని కాలేజీకి తీసుకురావడానికి కొడుకు ఎంత నలిగిపోతాడో అందులో చూపించాడు. తెలుగులోనూ కరుణకుమార్ 2020లో "పలాస 1978" తీశాడు. శేఖర్ కమ్ముల 2021లో "లవ్ స్టోరీ"లో దళిత కుర్రాడికి ఒక తల్లినీ, ఆమె కష్టాన్నీ ఇచ్చాడు. ఇవి మొదటి అడుగులు. మాకు కావాల్సింది ఇంకా చిన్నది. తెర మీద మా ఇంటి పొద్దు చూడాలి. నాలుగింటికి లేచి అన్నం వండి ఆటో ఎక్కే తల్లి, తమ్ముణ్ణి సాకే పిల్ల, మొగుణ్ణి వదిలేసి రెండో మనిషితో హాయిగా బతికిన నాయనమ్మ. దీన్ని జాలి లేకుండా, సిగ్గు లేకుండా, ఒక కుటుంబం అని చూపించాలి.

వాళ్ళు తీసేదాకా ఆగాలా? విద్యార్థులకి, కార్యకర్తలకి చెప్పేది ఇదే. ముందు మన ఇళ్ళని మనం రాసుకుందాం. మన ఇళ్ళల్లో సినిమా నుంచి తెచ్చి పెట్టుకున్న నాన్నగార్లని దించేద్దాం. సభల్లో కులనిర్మూలన గురించి మాట్లాడి, ఇంటికెళ్ళి చెల్లెలికి తీర్పు చెప్పేవాళ్ళలో నేనొకణ్ణి గనక ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆ పిల్లకి మర్నాడు నోటుపుస్తకం తిరిగిచ్చి, "ఈ పొద్దున మీ ఇంట్లో ఏం జరిగిందో అది రాయి" అన్నాను. చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూచుంది. తర్వాత రాసింది. "మా అమ్మ నాట్లకి పోయింది. నేను తమ్ముడికి జడ వేశాను. వాడికి మొక్కు ఉంది. మా నాన్న ఫోను చేసి అన్నం తిన్నావా అన్నాడు. తిన్నానని చెప్పాను. తినలేదు." తరగతిలో పైకి చదివించాను. పిల్లలెవరూ నవ్వలేదు.

ఈ వ్యాసం రాశాక మా అక్క దగ్గర కూచుని చదివి వినిపించాను. ఆమె సంగతి వచ్చిన చోట నా గొంతు ఆగిపోయింది. అక్క కాసేపు ఏమీ అనలేదు. మజ్జిగ గిన్నెలోంచి వేళ్ళు తీసి కొంగుకి తుడుచుకుంది.

"నా పేరు రాయమాక. మిగతాదంతా రాయి" అంది.